నేను పడుకోబెట్టి లేపగల బండి

బండి కొనేముందు నేనడిగిన ప్రశ్న ఒక్కటే. ఇది మంచులో కూరుకుపోతే, పక్కన ఎవరూ లేకపోతే, నేనొక్కదాన్నే దీన్ని బయటికి తియ్యగలనా?

"అలా చూసి ఎవరైనా బండి కొంటారా?" అన్నారు మా ఆయన. కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఆఫీసులో ఉద్యోగం ఆయనది. ఏ సంవత్సరం మోడల్, ఎన్ని మైళ్ళు తిరిగింది, మళ్ళీ అమ్మితే ఏమాత్రం వస్తుంది, ఇవీ ఆయనకి తెలిసిన ప్రశ్నలు. మేముండే నోవైలో మనవాళ్ళందరూ సెకండ్‌హ్యాండ్ కారు కొనే పద్ధతి అదే. స్నోమొబైల్‌కి కూడా అదే సరిపోతుందని ఆయన నమ్మకం.

స్నోమొబైల్ అంటే ముందు మంచు మీద జారే రెండు స్కీలు, వెనక పళ్ళున్న వెడల్పాటి రబ్బరు పట్టా, మధ్యలో మోటార్‌సైకిల్ లాంటి సీటు. మంచు మీద తప్ప నడవదు. మిషిగన్ ఉత్తరాన అడవుల్లో ఈ బండ్ల కోసమే మంచుని చదును చేసి దారులు వేస్తారు. వాటిని ట్రయిల్స్ అంటారు. ట్రయిల్ మీద ఇబ్బంది వచ్చినా భయం లేదు, వెనకనుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మా ఆయనకి నచ్చింది ట్రయిల్ కాదు. దాన్ని వదిలేసి, ఎవరూ తొక్కని మంచులోకి, చెట్ల మధ్యకి వెళ్ళడం. అక్కడ బండి కదులుతున్నంతసేపూ మంచు మీద తేలుతుంది. ఆగిందంటే తన గొయ్యి తనే తవ్వుకుని కూర్చుంటుంది.

అందుకే ట్రయిల్ దాటి ఒక్కరూ వెళ్ళకూడదు. ఆ మాట ఆ ఆటలో ఉన్నవాళ్ళందరూ చెబుతారు. మా ఆయనకి తోడు మా అన్నయ్య. సొంత అన్నయ్య కాదు, మాకు రెండు వీధుల అవతల ఉండే కరీంనగర్ మనిషి. మేము ఈ ఊరు వచ్చిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి మా పెట్టెలు మోసినవాడు. ఆ రోజునుంచీ నాకు అన్నయ్య, ఆయన భార్య నాకు వదిన. మా ఆయనకి మంచు పిచ్చి పట్టించింది కూడా అన్నయ్యే.

ఆ అన్నయ్యకి మంచే పడని చాండ్లర్‌లో ఉద్యోగం వచ్చింది. కొత్త సంవత్సరం వస్తూనే ఎడారికి వెళ్ళిపోతున్నారు. ఇక మా ఆయనకి తోడు లేదు.

నేను వద్దంటే మా ఆయన మానేస్తారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే వద్దనలేకపోయాను. అంతకు ముందు శీతాకాలం, ఉత్తరాన అడవిలో మేము రెండు కుటుంబాలూ కలిసి అద్దెకి తీసుకున్న క్యాబిన్‌లో, మధ్యాహ్నానికి వచ్చేస్తామన్న మగవాళ్ళిద్దరూ చీకటి పడుతుండగా వచ్చారు. వాగు పల్లంలో మా ఆయన బండి దిగబడిందట. ఫోను సిగ్నల్ లేదు. నేను ఆ మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర నిలబడి, పాప అడిగినప్పుడల్లా "వచ్చేస్తున్నారు" అంటూ ఉన్నాను. వదిన చేసిన పులిహోర ప్లేటులోనే గట్టిపడింది. వాళ్ళు మీసాలకి మంచు గడ్డకట్టి, నవ్వుతూ లోపలికొచ్చారు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా పాపకి అన్నం కలిపాను. కానీ ఆ నవ్వు చూశాను. మా ఆయన అలా నవ్వి చాలా కాలమైంది.

నేను భయస్తురాలిని. దాచడానికేం లేదు. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చెయ్యకుండా పాపకి ఎప్పుడూ పెట్టలేదు. నిద్రపోయాక వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, ఇప్పటికీ. వర్క్ పర్మిట్ లేక ఇంట్లోనే గడిపిన మూడు శీతాకాలాల్లో మంచుని అద్దం ఇవతలనుంచే చూశాను. పార్కింగ్‌లో నాలుగడుగులు నడవాలన్నా మా ఆయన చెయ్యి పట్టుకునేదాన్ని.

ఒకరోజు మా అపార్ట్‌మెంట్ ముందు పారతో ఎత్తిపోసిన మంచు కుప్ప మీద పిల్లలు జారుతున్నారు. మా పాపకి అప్పటికి మూడేళ్ళు దాటాయి. తను కూడా ఎక్కుతుందేమో, పడుతుందేమోనని పరిగెత్తాను. తను ఎక్కలేదు. కుప్పకి దూరంగా, రెండు చేతులూ ఛాతీకి ఆనించుకుని నిలబడి, జారుతున్న పిల్లలతో "నో నో, స్లిప్ అవుతారు, దెబ్బ తగులుతుంది" అని చెబుతోంది. ఆ గొంతు నాది. ఆ చేతులు పెట్టుకున్న తీరు కూడా నాదే.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, "అన్నయ్య వెళ్ళిపోయాక మీతో నేనొస్తాను."

"ఎక్కడికి?"

"చెట్లలోకి."

ఆయన నవ్వలేదు. అది మంచిదైంది. నవ్వి ఉంటే నేను వెనక్కి తగ్గేదాన్నేమో. "నిజంగానా?" అని మాత్రం అడిగారు. "నిజంగానే. కానీ నాకు వేరే బండి కావాలి. మీ వెనక కూర్చుని రాను. మీరు దిగబడితే నేను తియ్యాలి, నేను దిగబడితే మీరు తియ్యాలి. మీకు ఏమైనా అయితే నేను నా బండి మీద బయటికొచ్చి మనిషిని తీసుకురావాలి. ఇద్దరం వెళ్ళి ఇద్దరం తిరిగి రావాలి, పాప కిటికీ దగ్గర ఉంటుంది."

అక్కడికి వచ్చేసరికి బండి సమస్య చాలా సులువుగా తేలిపోయింది. అన్నయ్య బండి ఉంది కదా. చాండ్లర్‌లో దాన్ని ఏం చేసుకుంటాడు?

ఊరు మారే కుటుంబం ఇంట్లో సామాను ఎలా ఖాళీ అవుతుందో ఇక్కడున్న మనవాళ్ళందరికీ తెలుసు. పరుపు ఒకరికి, డైనింగ్ టేబుల్ ఇంకొకరికి, గ్రైండర్ కొత్తగా పెళ్ళయి వచ్చిన జంటకి. రేటు మాట ఎవరూ ముందు ఎత్తరు. "మీకు తోచింది ఇవ్వండి" అని వాళ్ళు, "అయ్యో అంత తక్కువా" అని వీళ్ళు. తీసుకునేవాళ్ళు వస్తువుని తిప్పి చూడరు. చూస్తే నమ్మలేదని అర్థం. మా ఇంట్లో ఉన్న టీవీ అలా వచ్చిందే, ఆన్ చేసిన పది నిమిషాలకి బొమ్మ వస్తుంది. ఆ సంగతి అమ్మినవాళ్ళకి మేము ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ పండగలకి వాళ్ళింటికి వెళ్తాం.

వీడ్కోలు భోజనానికి వదిన పిలిచింది. ఇల్లంతా అట్టపెట్టెలు. ఏ వస్తువు ఎవరిదో పసుపు కాగితాలు అంటించి ఉన్నాయి. రైస్ కుక్కర్ మీద మాది, మూడు చక్రాల సైకిల్ మీద మా పాపది. భోజనాలయ్యాక అన్నయ్య గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. నీలం రంగు స్నోమొబైల్ తుడిచి మెరుస్తోంది. హ్యాండిల్ మీద పసుపు కాగితం, దాని మీద "చెల్లె".

"తీస్కపో," అన్నాడు. "నీకిచ్చి పోతున్న గనుక బాధ లేదు. పరాయోళ్ళకైతే ఇయ్యబుద్ధి కాకపోవు."

 థాంక్స్ చెప్పి ఊరుకోవలసిన చోటు అది. మా ఆయన అప్పటికే చెయ్యి కలపడానికి చాచారు. నాకు మాత్రం వాగు పల్లం కనిపిస్తోంది. అక్కడ ఈ బండి ఆగిపోతే, దీని మీద ఉన్నది నేనైతే, అప్పుడు నేను ఈ మొహమాటాన్నే తల్చుకుంటాను.

"అన్నయ్యా, ఒక్కసారి ఇంజన్ ప్లగ్గులు తీసి చూడొచ్చా?"

 మా ఆయన దగ్గారు. ఆ దగ్గుకి మా ఇంట్లో అర్థం "ఊరుకో" అని.

అన్నయ్య నావైపు చూసి, "ఏంది చెల్లె, పెండ్లిచూపులా? నడిపిచ్చి, పాట పాడిచ్చి తీస్కపోతవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ నవ్వు సగంలో ఆగింది.

గుమ్మంలో నిలబడ్డ వదిన అందుకుంది. "మా పెండ్లిచూపులప్పుడు ఎవ్వరు ఈయన ప్లగ్గులు తీసి చూడలే. గదే మావోళ్ళు చేసిన తప్పు. చూడనియ్యి పిల్లను."

నాకు ప్లగ్గుల సంగతి తెలియడం విశేషమేమీ కాదు. ఈ బండ్లలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజన్. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ నేను కాలేజీకి వెళ్ళిన మోపెడ్‌లో ఉన్నదీ అదే, మా తరం పెట్రోల్ బంకుల్లో ఆయిల్ కలిపి పోయించుకున్నదీ దానికే. మా అక్క తన మోపెడ్ నాకిచ్చేస్తూ ప్లగ్గు స్పానర్ కూడా చేతిలో పెట్టింది. "ఇది నాలుక లాంటిది. జ్వరమొస్తే డాక్టరు ముందు నాలుక చూడడూ? అలాగే. కాఫీ పొడి రంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. సున్నంలా తెల్లగా ఉంటే మాత్రం ఆపెయ్, లోపల కాలిపోతోంది." బందరు రోడ్డు పక్కన, చున్నీ నడుముకి చుట్టుకుని, ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దుకున్న మధ్యాహ్నాలు నాకు చాలా ఉన్నాయి. అమెరికా వచ్చాక అవన్నీ ఎవరికీ అక్కర్లేని విషయాలయ్యాయి, నాతో సహా.

అన్నయ్య టూల్‌బాక్స్ తెరిచి స్పానర్ ఇచ్చాడు. ఇంజన్‌లో రెండు సిలిండర్లు, రెండు ప్లగ్గులు. తీసి పేపర్ టవల్ మీద పక్కపక్కన పెట్టాను. ఒకటి కాఫీ పొడి రంగు. రెండోది తెల్లగా ఉంది. సున్నం డబ్బాలో ముంచి తీసినట్టు.

"చలికి అట్లయినట్టుంది," అన్నాడు అన్నయ్య.

"రెండూ ఒకే చలిలో ఉన్నాయి కదా అన్నయ్యా."

ఆయన రెండు ప్లగ్గులూ చేతిలోకి తీసుకుని, లైటు కిందకి వెళ్ళి చూశాడు. తర్వాత వాటిని మళ్ళీ కాగితం మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. వదిన పాయసం పెట్టింది. ఎవరం సరిగా తినలేదు. బయల్దేరేటప్పుడు చూశాను, హ్యాండిల్ మీద పసుపు కాగితం అలాగే ఉంది.

 కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆయన అన్నారు. "వెళ్ళిపోతున్న మనిషి. మన పెట్టెలు మోసిన మనిషి. తర్వాత మనమే షాపులో చూపించుకునేవాళ్ళం కదా."

"చూపించుకునేవాళ్ళం కాదు," అన్నాను. "టీవీని చూపించామా?"

పచ్చ లైటు పడింది, ఆయన కారు ముందుకి పోనిచ్చారు. నాకు గెలిచినట్టనిపించలేదు. వెనక సీట్లో పాప నిద్రపోయింది. చెయ్యి చాపి, తన పాదం పట్టుకుని ఇంటిదాకా కూర్చున్నాను. మంచి మనిషిని బాధపెట్టాను. అయినా మళ్ళీ ఆ గరాజ్‌లో నిలబడితే మళ్ళీ అదే అడుగుతాను. రెండూ నిజమే, దేనికదే బరువుగా ఉంది.

ఆ వారంలోనే అన్నయ్య ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు.

"షాపుకి తీస్కపోయిన. కార్బురేటర్ విప్పి చూపెట్టిండు. ఎండకాలమంత పెట్రోలు దాంట్లనే విడిచిపెట్టిన గద, అది జిగురై సన్న దారి మూసుకపోయిందట. ఒక్క దిక్కే. ఆ సిలిండర్‌కి పెట్రోలు సరిగ్గ పోతలేదు. ఇంక ఒక్క రైడ్ పోతే పిస్టన్ పట్టేసేదట." తర్వాత మెల్లగా అన్నాడు. "దాన్ని నీకిద్దామనుకున్న చెల్లె."

"మీకు తెలీదు కదా అన్నయ్యా."

"తెల్వదు. నువ్వు అడగకపోతే ఎప్పటికి తెల్వకపోవు." గొంతు సవరించుకున్నాడు. "సరే గని, బాగు చేపిచ్చినా ఇంక అది నీకియ్యబుద్ధి కాదు. శనివారం ఖాళీనా? నీకు బండి చూడనీకి పోదాం. స్పానర్ తెచ్చుకో, డాక్టరమ్మా."

ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. తర్వాత కొంచెం ఏడ్చాను కూడా.

శనివారం మొదట చూసిన బండి మా ఆయన ఇంటర్నెట్‌లో వెతికింది. కొత్తదానిలా ఉంది. తక్కువ మైళ్ళు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, హ్యాండిల్ వెచ్చబడుతుంది, ఇద్దరు కూర్చోవచ్చు. మా ఆయన దాని చుట్టూ తిరిగి "పెర్ఫెక్ట్" అన్నారు. అమ్మే కుర్రాడు ముందే ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచాడు. వేడి ఇంజన్ ఎలాంటిదైనా సులువుగానే స్టార్ట్ అవుతుంది, చలికి ముడుచుకున్న ఇంజన్ ఎలా లేస్తుందన్నదే అసలు పరీక్ష. అది ఒకటి. రెండోది, నేను వెనకున్న కడ్డీ పట్టుకుని ఎత్తబోయాను. బండి నన్ను పట్టించుకోలేదు.

"ఇది ట్రయిల్ బండి," అన్నాడు అన్నయ్య. "మెత్తని మంచుల దిగిందంటే దీన్ని తీయనీకి క్రేన్ గావాలె. పట్టా చూడు, పొట్టిగుంది, పళ్ళు అరిగిన దువ్వెన లెక్కున్నయి."

రెండో బండి ఇంకో గంట దూరంలో, మొక్కజొన్న పొలాల మధ్య ఒక ఇంట్లో ఉంది. అమ్మేవాళ్ళకి ముందే ఫోన్ చేసి, మేము వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాను. నా ఇంగ్లిష్‌లో అంత ఖచ్చితంగా ఎవరికైనా ఏదైనా చెప్పడం అదే మొదటిసారేమో. పెద్దావిడ గరాజ్ తలుపు తీసింది. ఆవిడ భర్త మోకాలి ఆపరేషన్ చేయించుకుని లోపల కూర్చున్నాడు. బండి పాతది. పసుపు రంగు వెలిసిపోయి నిమ్మపండు తొక్కలా ఉంది. సీటు మీద ఒకచోట టేపు అంటించి ఉంది. కానీ పట్టా పొడుగ్గా ఉంది, దాని పళ్ళు నా వేలంత ఎత్తున, ఒక్కటీ విరగకుండా ఉన్నాయి. స్కీల మధ్య దూరం తక్కువ. చెట్ల మధ్య అటూ ఇటూ వంగాలంటే అలాగే ఉండాలని అన్నయ్య చెప్పాడు.

ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ప్లగ్గులు తీశాను. రెండూ కాఫీ పొడి రంగు, రెండూ ఒకేలా. తిరిగి బిగించి, స్టార్టర్ తాడు పట్టుకుని లాగాను. మొదటిసారి రాలేదు. మూడోసారికి దగ్గి, నీలం పొగ ఒకటి వదిలి, అందుకుంది. ఆ పొగ వాసన ముక్కుకి తగలగానే నాకు కాలేజీ గేటు, వేడి తారు, చున్నీ అంచుకి అంటిన ఆయిల్ మరక, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చలిలో కళ్ళలో నీళ్ళు తిరగడానికి ఎవరూ కారణం అడగరు, అదొక సౌకర్యం.

ఇక మిగిలింది నా ప్రశ్న. ఇంజన్ ఆపి, గరాజ్ బయట కొంచెం మంచులోకి బండిని తోసుకెళ్ళాం. వెనక కడ్డీ పట్టుకుని ఎత్తాను. కొంచెం లేచింది, మళ్ళీ కూర్చుంది. ఇంకోసారి ఎత్తాను. నడుములో ఏదో పట్టేసినట్టయింది.

"నా వల్ల కాదు," అన్నాను. తిరిగి కారు వైపు నడవాలనిపించింది. ఇంత చూసి, ఇంత అడిగి, చివరికి ఇక్కడ ఆగిపోయాను. పాప చేతులు ఛాతీకి ఆనించుకుని నిలబడ్డ బొమ్మ కళ్ళ ముందుకొచ్చింది.

"నీతోని కాదు," అన్నాడు అన్నయ్య. "నాతోని గూడ కాదు. ఎవ్వలు ఎత్తరు చెల్లె. ఎత్తుడు కాదు, పండవెట్టు."

"ఏంటి?"

"పక్కకి పండవెట్టు. నువ్వు స్కూటర్ వంచలేదా ఎన్నడు?"

వంచాను. మా కాలంలో స్కూటర్ స్టార్ట్ కాకపోతే ఎవరైనా ముందు చేసేది అదే, ఒక పక్కకి వంచి లేపడం. ఎత్తడం వేరు, వంచడం వేరు. అన్నయ్య చూపించాడు. ఒక పక్క స్కీని పట్టుకుని, మన ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగితే బండి పక్కకి ఒరుగుతుంది. అప్పుడు కింద పట్టా తవ్విన గొయ్యి కనిపిస్తుంది. దాన్ని మంచుతో పూడ్చి, బూట్లతో తొక్కి గట్టి చేసి, బండిని మళ్ళీ దాని మీదకి లేపాలి. ముందు నాలుగడుగులు దారి తొక్కాలి. అంతే.

నేను స్కీ పట్టుకున్నాను. వెనక్కి వాలాను. పాత పసుపు బండి గేదె పడుకున్నట్టు మెల్లగా, మర్యాదగా పక్కకి ఒరిగింది.

మా ఆయన చప్పట్లు కొట్టారు. పెద్దావిడ గుమ్మంలోనుంచి, మీ దేశంలో మంచు ఉంటుందా అని అడిగింది. ఉండదని చెప్పాను. "మరి ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అంది. నిజం చెప్పడానికి చాలాసేపు పడుతుందని, "ఇప్పుడే" అన్నాను.

అన్నయ్య వాళ్ళు వెళ్ళేముందు ఆఖరిసారి రెండు కుటుంబాలం అదే క్యాబిన్‌కి వెళ్ళాం. ఆయన బండికి కార్బురేటర్ శుభ్రం చేయించాడు. చాండ్లర్ వెళ్ళేముందు అమ్మేశాడు, జరిగిందంతా కొన్నవాడికి చెప్పి మరీ. వదిన పిల్లలతో లోపలే ఉండిపోయింది. "మంచుల పొర్లాడ్తానికి మీకు పిచ్చి లేసింది. నేను పొయ్యి కాడ ఉంట. చీకటి గాకముందు రాకపోతే పులిహోర మొత్తం తింట," అంది. పాప కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చెయ్యి ఊపింది.

ట్రయిల్ మీద నేను అందరికంటే మెల్లగా వెళ్ళాను. తర్వాత మా ఆయన చెయ్యి పైకెత్తి కుడివైపు చూపించి, దారి వదిలి చెట్లలోకి తిరిగారు. నేనూ తిరిగాను. ఒక్కసారిగా చప్పుడు మారిపోయింది. గట్టి మంచు గీరుకునే శబ్దం పోయి, కింద ఏమీ లేనట్టు మెత్తగా అయింది. చెట్ల కొమ్మల మీద ఎవరూ ముట్టుకోని మంచు. అద్దం ఇవతలనుంచి మూడేళ్ళు చూసింది ఇదేనా అనుకున్నాను. భయం పోలేదు. దాని చోట అది ఉంది. దానితో పాటే నడుపుతున్నాను.

ఒక మిట్ట దగ్గర సందేహించాను. సందేహించి యాక్సిలరేటర్ మీద వేలు వదిలాను. అంతే, బండి వెనకభాగం దిగబడింది. ముందు వెళ్ళిన మా ఆయన చెట్ల వెనక కనబడడం లేదు. వెనకనుంచి వచ్చిన అన్నయ్య కాస్త దూరంలో ఆపి, ఇంజన్ కట్టేసి, సీటు మీద వెనక్కి వాలి కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఒక చెయ్యి వెయ్యరూ?"

"నేను లేను," అన్నాడు. "నేను చాండ్లర్‌ల ఉన్న. ఈడ ఎండ మస్తుగ కొడ్తుంది."

"జోకులా ఇప్పుడు?"

"నిజంగనే చెప్తున్న. చెమటలు వడ్తున్నయి."

తిట్టుకుంటూ దిగాను. నడుం దాకా దిగిపోయాను. బండి చుట్టూ ఈదినట్టు నడిచి స్కీ దగ్గరకి చేరాను. పట్టుకుని వెనక్కి వాలాను. రాలేదు. ఊపిరి తీసుకుని, మడమలు మంచులోకి దించి, మళ్ళీ వాలాను. పసుపు బండి ఒరిగింది. కింద గొయ్యి పెద్దగానే ఉంది. చేతులతో, మోకాళ్ళతో మంచు తోశాను. తొక్కాను. ఇంకా తోశాను. చలి దేశంలో నాకు చెమటలు పట్టాయి. బండిని లేపి నిలబెట్టి, ముందు దారి తొక్కి, సీటు మీద కూర్చోకుండా నిలబడి మెల్లగా యాక్సిలరేటర్ నొక్కాను. పట్టా ఒక్క క్షణం తిరిగి, పట్టుకుంది. బండి గోతిలోంచి పైకొచ్చి, మిట్ట దాటి, తేలింది.

వెనకనుంచి ఏదో అరుపు వినిపించింది. అన్నయ్య సీటు మీద లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. మా ఆయన నా కోసం వెనక్కి తిరిగి వస్తూ ఎదురయ్యారు. హెల్మెట్ అద్దం పైకెత్తి, "దిగబడ్డావా?" అని అడిగారు.

"దిగబడ్డాను. వచ్చేశాను."

వెలుతురుండగానే క్యాబిన్ చేరాం. పులిహోర మిగిలే ఉంది.

అన్నయ్య వాళ్ళు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. మళ్ళీ మంచు పడింది. ఈసారి మాతో క్యాబిన్‌కి వచ్చి పాపని చూసుకునేది మా కింది వాటా ఆంటీ. రేపు ఉదయం మేమిద్దరమే చెట్లలోకి వెళ్తున్నాం. అందరూ పడుకున్నాక ఇది రాస్తూ కూర్చున్నాను. నిద్ర రావడం లేదు. భయం ఉంది. కానీ కిటికీ దగ్గర నిలబడ్డ రోజు భయం లాంటిది కాదు. ఆ భయానికి పని చేసే చేతులు లేవు. దీనికి ఉన్నాయి.

సాయంత్రం క్యాబిన్ గరాజ్‌లో ప్లగ్గులు తీశాను. పాప టార్చ్ పట్టుకుంది. ఆ మధ్య మా అపార్ట్‌మెంట్ ముందు కుప్ప మీద జారి, బోర్లా పడి, లేచి, ఏడవాలా వద్దా అని నావైపు చూసిన పిల్ల. పక్కకి దొర్లి లెమ్మని చెప్పాను. లేచింది. మళ్ళీ ఎక్కింది.

ప్లగ్గులు కాగితం మీద పెట్టగానే టార్చ్ దగ్గరగా తెచ్చి, మొహం గంభీరంగా పెట్టి అడిగింది.

"అమ్మా, నాలుక మంచిగ ఉందా?"

ఆ "మంచిగ" వాళ్ళ మామయ్య నేర్పింది. ఆదివారాలు చాండ్లర్‌నుంచి ఫోన్ చేసి, అన్నిటికంటే ముందు ఆయన అడిగేదీ అదే.

"మంచిగుంది," అన్నాను. "నువ్వే చూడు."